‘ఉరి తీయండి’ అన్న కేక వెనక

2019 డిసెంబరు 6 ఉదయం షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వంతెన జనంతో కిక్కిరిసింది. పశువైద్యురాలు ‘దిశ’ను అత్యాచారం చేసి చంపిన కేసులో పట్టుబడ్డ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారని తెలిసి పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు. కోర్టులో విచారణ అప్పటికి మొదలే కాలేదు.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే కాల్చారని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని చెప్పింది. పూలు చల్లినవారికి ఆ రోజు ఇవేవీ తెలియవు.

దిశ ఘటనకు మూడు రోజుల ముందే ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే ‘సమత’ అనే దళిత మహిళ అదే ఘోరానికి బలైంది. ఆమె కోసం హైదరాబాద్ రోడ్లు నిండలేదు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు మాత్రం సాక్షులను విని, 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష వేసింది. విచారణ వేగంగా, చట్టప్రకారం జరగడం సాధ్యమేనని చూపిన ఈ కేసు గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ.

జనం కోపం న్యాయమైనదే. దానికి ప్రభుత్వాలు ఇచ్చే జవాబుతోనే పేచీ. 2012లో ఢిల్లీలో జరిగిన నిర్భయ సామూహిక అత్యాచార ఘటన తర్వాత చట్ట మార్పులు సూచించేందుకు వేసిన జస్టిస్ వర్మ కమిటీకి సుమారు 80 వేల సూచనలు అందాయి. అత్యాచారానికి ఉరిశిక్షను కమిటీ సిఫారసు చేయలేదు. అయినా తీవ్రమైన కేసుల్లో ఉరికి వీలిస్తూ 2013లో చట్టం మారింది. 2018లో పన్నెండేళ్లలోపు బాలికల విషయంలోనూ ఉరి చేరింది. 2019 జాతీయ నేర గణాంకాల ప్రకారం, కోర్టుల్లో తేలిన అత్యాచార కేసుల్లో శిక్ష పడ్డవి వందకు సుమారు 28. మిగతావాటిలో నిందితులు బయటికొచ్చారు. అక్కడ ఉరి ఉన్నా, యావజ్జీవం ఉన్నా ఒరిగేదేముంది?

మరి జనం ఉరే ఎందుకు అడుగుతారు? శిక్షల మీద మన అభిప్రాయం మనకు అందిన సమాచారాన్ని బట్టి ఉంటుంది. 1980లలో కెనడా పరిశోధకులు ఆంథొనీ డూబ్, జూలియన్ రాబర్ట్స్ ఒకే కేసును కొందరికి పత్రికా వార్తగా, ఇంకొందరికి కోర్టు పత్రాల సారాంశంగా ఇచ్చి చదివించారు. వార్త చదివినవారిలో ఎక్కువమంది ఆ శిక్ష చాలదన్నారు. కోర్టు పత్రాలు చదివినవారిలో ఎక్కువమంది అదే శిక్ష మరీ ఎక్కువన్నారు.

అందుకే ఈసారి కొవ్వొత్తి పట్టుకుని రోడ్డెక్కినప్పుడు ఉరి ఒక్కటే అడగకండి. పిల్లలపై లైంగిక నేరాలను విచారించే మీ జిల్లా పోక్సో కోర్టులో ఎన్ని కేసులు ఎన్నేళ్లుగా ఆగి ఉన్నాయో, ఫోరెన్సిక్ నివేదికలు ఎందుకు ఆలస్యమవుతున్నాయో, సాక్షులకు రక్షణ ఎవరిస్తున్నారో మీ ఎమ్మెల్యేను నిలదీయండి.