గుండె లయ – నాడుల పగ్గములు

తెలుగున ‘నాడి’ అను మాటకు రెండర్థములు కలవు. వైద్యుడు మణికట్టు పట్టి చూచునదియు నాడియే. మెదడు ఆజ్ఞలను అవయవములకు మోయునదియు నాడియే. ఉర్దూలో మొదటిది నబ్జ్, రెండవది అసబ్. భాష బోధించు మేము వైద్యులము కాము. అయినను ఈ రెండు నాడులకు గల బంధమును వెల్లడించు ఒక చికిత్సను గూర్చి విద్యార్థులకు చెప్పదలచితిమి.

గుండె తనంత తానే కొట్టుకొనగలదు. కుడి కర్ణికలోని లయారంభకము విద్యుత్ప్రేరణలను పుట్టించును. ఆ వేగమును హెచ్చించునది సహానుభూత నాడీవ్యవస్థ; తగ్గించునది వేగస్ నాడి. ఇవి మన ఇచ్ఛతో నిమిత్తము లేని స్వయంచోదిత నాడీవ్యవస్థలోనివి. 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు చెందిన వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవమును మరొక గుండెపై పోయగా అదియు మందగించెను. విశ్రాంతివేళ పైచేయి వేగస్ నాడిదే. ఆ పగ్గము సడలినచో గుండె వేగము పెరుగును.

కర్ణికా కంపనమను వ్యాధిలో లయ చెదరును. కర్ణికలో గడ్డకట్టిన రక్తము మెదడునకు చేరినచో పక్షవాతము రావచ్చును. చెడు ప్రేరణలు పెక్కుమందిలో పుపుస సిరల నుండి బయలుదేరుచున్నవని 1998లో ఫ్రాన్సు దేశపు బోర్డో నగర వైద్యుడు మిషెల్ ఐసగేర్, ఆయన సహచరులు చూపిరి. తొడ సిర గుండా సన్నని గొట్టమును గుండెకు పంపి, ఆ సిరల ద్వారముల చుట్టునున్న కణజాలమును నిర్జీవము చేయుటయే అబ్లేషన్.

అయితే ఆ ద్వారముల చెంతనే, గుండెపై గల కొవ్వులో, నాడీసంధులు నెలకొని యున్నవి. రేడియో తరంగముల వేడికి గాని, క్రయోబెలూన్ చలికి గాని కండరమేదో నాడి యేదో తెలియదు. కనుక చికిత్స పిదప పలువురిలో విశ్రాంతివేళ గుండె వేగము కొంత పెరుగును. ఒక స్పందనకు మరొక స్పందనకు నడుమ నుండు సహజమైన స్వల్ప భేదము తగ్గును. ఈ మార్పు కొందరిలో నెలల తరబడి నిలుచును. చలి పద్ధతిలో, శ్వాసకు తోడ్పడు విభాజక పటలమును కదలించు ఫ్రెనిక్ నాడికి కూడ దెబ్బ తగులవచ్చును.

ఇటీవలి పద్ధతి పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్. 2023 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇట్టి సాధనమునకు తొలిసారి అనుమతి నిచ్చెను. క్షణికమైన తీవ్ర విద్యుత్ క్షేత్రము కణత్వచమున రంధ్రములు చేయును. గుండె కండరకణములు దీనికి నాడీకణములకంటె త్వరగా లొంగును. అందుచే దీని పిదప గుండె వేగపు పెరుగుదల తక్కువగా కనిపించుచున్నది.

మరి నాడులను కాపాడుటయే మేలా? ఆ నాడీసంధులే కంపనమును ప్రేరేపించునని, వాటిని అణచుట లాభమేయని కొందరి వాదము. వేగస్ ప్రభావము మితిమీరి మూర్ఛిల్లువారికి, బ్రెజిల్ వైద్యుడు పషోన్, ఆయన సహచరులు బుద్ధిపూర్వకముగ ఆ నాడీసంధులనే దహించు పద్ధతిని 2005లో ప్రకటించిరి. ఒకచోట దుష్ఫలితమైనది మరొకచోట చికిత్సయైనది!

కావున చికిత్స పొందినవారు తమ నాడి మునుపటికంటె కొంత వేగముగ నడచుట చూచి చికిత్స విఫలమైనదని కుమిలిపోరాదు. తోచిన ఊహలకు లోబడక వైద్యునికి తెలుపవలెను. వైద్యుడును ఈ సంగతిని ముందే రోగికి విప్పి చెప్పవలెను. గురి పెట్టినదానినే గాక, ప్రక్కనున్నదానికి ఏమి జరిగెనో కూడ చూచుటయే శాస్త్రదృష్టి. మన విద్యార్థులు అలవరచుకొనవలసినది ఆ దృష్టినే.