తొలి మ్యాచ్‌లు ఎంతవరకు నమ్మాలి?

నిజంగా జరగబోయే మ్యాచ్‌లో ఆడే ఆటగాళ్లలోంచి సొంతంగా ఒక జట్టును ఎంచుకుని, వాళ్లు మైదానంలో చేసే పరుగులకు, తీసే వికెట్లకు, పట్టే క్యాచ్‌లకు పాయింట్లు లెక్కగట్టుకునే పోటీని ఫ్యాంటసీ ఆట అంటారు. క్రికెట్‌లో మామూలుగా పదకొండు మందిని ఎంచుకోవాలి. ఒక్కొక్కరికి ఒక్కో ధర ఉంటుంది, మొత్తం ధర నిర్ణయించిన హద్దు దాటకూడదు. కెప్టెన్‌గా పెట్టుకున్న ఆటగాడి పాయింట్లు రెట్టింపవుతాయి, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లవుతాయి. పేర్లు తెలిస్తే చాలదు, ఎవరు ఎంత ఆడగలరో ముందే అంచనా వేయగలగాలి. ఆ అంచనా అన్నిటికంటే కష్టమయ్యేది సీజన్ మొదట్లో. అప్పటికి చేతిలో ఉండేది రెండు మూడు మ్యాచ్‌ల స్కోర్లే. వాటిని పట్టించుకోకుండా ఉండలేం, పూర్తిగా నమ్మనూ లేం.

ఈ ఆట బాగా పాకింది అమెరికన్ ఫుట్‌బాల్‌లో. ఓక్లాండ్ రైడర్స్ జట్టులో భాగస్వామి అయిన బిల్ వింకెన్‌బాక్ 1962లో మరికొందరితో కలిసి ఫ్యాంటసీ ఫుట్‌బాల్ నియమాలు రాశాడు. అమెరికాలో ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్లకు సెప్టెంబరు వచ్చిందంటే ఆఫీసు లీగుల్లో ఫ్యాంటసీ ఫుట్‌బాల్ మామూలే. ఇక్కడ అదే ఆట ఐపీఎల్ వేషం కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోటీలను 2020లోనే నిషేధించారు. తెలంగాణ 2017లోనే ఆ పని చేసింది. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం రావడంతో దేశమంతటా డ్రీమ్11 లాంటి సంస్థలు డబ్బు పోటీలు ఆపేశాయి. కాబట్టి కడప జిల్లాలోని చాపాడులోనో ప్రొద్దుటూరులోనో స్నేహితులు కలిసి ఫ్యాంటసీ జట్టు కట్టుకుంటే అది డబ్బు లేని ఆటగానే ఉండాలి. ఐపీఎల్ నెలల్లో క్రికెట్ పందాల కేసులు తరచూ పత్రికలకెక్కే ప్రాంతం కాబట్టి ఈ తేడా గట్టిగానే చెప్పుకోవాలి. ఆటగాణ్ణి బేరీజు వేయడం ఒక విద్య. దానికి పైసా అక్కర్లేదు.

తొలి స్కోర్లు ఎలా తప్పుదారి పట్టిస్తాయో ఒక ఉదాహరణ చూద్దాం. 2025 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మొదటి మ్యాచ్ మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్‌తో జరిగింది. ఆ జట్టు ఏకంగా 286 పరుగులు చేసింది. 11.25 కోట్లకు కొత్తగా వచ్చిన ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. ఆ రాత్రి ఫ్యాంటసీ జట్టు మార్చుకున్నవాళ్లందరి చూపూ అతని మీదే పడి ఉంటుంది. తర్వాతి మ్యాచ్‌లో లక్నో మీద అతను సున్నాకే వెనుదిరిగాడు. లీగ్ ముగిసేసరికి 14 మ్యాచ్‌లకు అతని మొత్తం 354. అంటే మొదటి రోజు శతకం తీసేస్తే మిగతా 13 మ్యాచ్‌లలో 248 పరుగులు. అందులోనూ 94 చివర్లో బెంగళూరు మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే వచ్చాయి. అంతకుముందు ఏడాది ముంబయి తరఫున అతను 14 మ్యాచ్‌లలో చేసినవి 320. ఈ రెండు మొత్తాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆటగాడు పెద్దగా మారలేదని తెలుస్తుంది. మారినట్టు అనిపించింది ఆ ఒక్క సాయంత్రమే.

అదే జట్టులో అభిషేక్ శర్మది దీనికి తలకిందుల కథ. అతని మొదటి ఐదు ఇన్నింగ్స్ 24, 6, 1, 2, 18. మొత్తం 51. ఫ్యాంటసీ ఆడేవాడికి ఇక ఇతన్ని తీసేయాలనిపించే అంకెలే ఇవి. ఏప్రిల్ 12న పంజాబ్ కింగ్స్ 245 కొట్టాక ఛేదనకు దిగి అతను 55 బంతుల్లో 141 చేశాడు. అప్పటికి ఐపీఎల్‌లో ఒక భారతీయుడి అత్యధిక స్కోరు అది. అతను ఎలాంటివాడో చెప్పే ఆధారాలు ముందే ఉన్నాయి. 2024 ఐపీఎల్‌లో 484 పరుగులు 204 స్ట్రైక్ రేటుతో చేశాడు. 2025 ఫిబ్రవరిలోనే వాంఖడేలో ఇంగ్లండ్ మీద 54 బంతుల్లో 135 కొట్టాడు. ఐదు చిన్న స్కోర్లు ఆ ఆధారాలన్నిటినీ చెరిపేయలేవు. పైగా ఆ ఐదు ఇన్నింగ్స్‌లోనూ అతను ఓపెనర్‌గానే దిగాడు. జట్టు అతని స్థానాన్ని కదపలేదు.

ఆ 141లో ఒక ఘట్టం దగ్గరగా చూడదగ్గది. 28 పరుగుల మీద ఉండగా యశ్ ఠాకూర్ బంతికి అభిషేక్ క్యాచ్ ఇచ్చాడు. అది నోబాల్ అయింది. బౌలర్ పాదం కాస్త వెనక పడి ఉంటే ఆరో ఇన్నింగ్స్ కూడా 28 దగ్గరే ఆగిపోయేది, అతని మీద సందేహం ఇంకో వారం సాగేది. ఆటగాడి సత్తా ఒకటే. స్కోరు మాత్రం 28, 141 మధ్య ఎక్కడైనా ఉండగలదు. సీజన్ మొదట్లో అంకెలు ఎందుకు మోసం చేస్తాయో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

బౌలర్ల సంగతీ ఇంతే. హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ 2025లో గుజరాత్ తరఫున మొదటి మ్యాచ్‌లో 4 ఓవర్లకు 54 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. తర్వాతి మూడింటిలో వరుసగా 2, 3, 4 వికెట్లు తీశాడు. ఆ నాలుగో మ్యాచ్ ఉప్పల్‌లో సన్‌రైజర్స్ మీదే. 17 పరుగులకు 4 వికెట్లు. పైన చెప్పిన అభిషేక్ 18 పరుగుల ఇన్నింగ్స్‌ను ముగించిందీ సిరాజే. నాలుగు మ్యాచ్‌లకు 9 వికెట్లు చూసి చివరికి ముప్ఫై దాటుతాయని లెక్కేసినవాళ్లు ఉండే ఉంటారు. మిగతా 11 మ్యాచ్‌లలో వచ్చినవి 7. మొత్తం 16.

అమెరికా ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి కథలకు కొదవ లేదు. 2019 సీజన్ మొదటి ఆటలో కాన్సస్ సిటీ చీఫ్స్ ఆటగాడు శామీ వాట్కిన్స్ 198 గజాలు సాధించి మూడు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోర్లు) చేశాడు. ఆ లీగ్ సీజన్ పూర్తయ్యేసరికి కూడా అతని టచ్‌డౌన్లు మూడే.

ఇలా ఎందుకవుతుందన్నది సంఖ్యాశాస్త్రం ఎప్పుడో తేల్చింది. 1970 బేస్‌బాల్ సీజన్లో 18 మంది ఆటగాళ్ల మొదటి 45 ప్రయత్నాలను తీసుకుని అమెరికా శాస్త్రవేత్తలు బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ ఒక లెక్క చేశారు. అప్పటికి రాబర్టో క్లెమెంటే నూటికి 40 సార్లు సఫలమయ్యాడు. థర్మన్ మన్సన్ నూటికి 18 సార్లు కూడా కాలేదు. అందరి సగటు 26.5. సీజన్ మిగతా భాగంలో క్లెమెంటే 34.6కు దిగాడు, మన్సన్ 31.6కు ఎక్కాడు. మొదటి అంకెల్లో బాగా పైనున్నవాళ్లు కిందికి, బాగా కిందనున్నవాళ్లు పైకి జరిగారు. ప్రతి ఒక్కరి తొలి అంకెనూ అందరి సగటు వైపు కొంత జరిపి అంచనా వేస్తే, తొలి అంకెల్నే నమ్ముకున్న అంచనాకంటే పొరపాటు సుమారు మూడున్నర రెట్లు తగ్గిందని ఆ ఇద్దరూ చూపించారు.

తక్కువ సమాచారంతో ఎంత కచ్చితంగా అంచనా వేయగలమన్న ప్రశ్నకు పునాది వేసినవారిలో తెలుగువారు ఒకరున్నారు. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణరావు 1945లో కలకత్తాలో ఉండగా ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. సమాచారం ఇంతే ఉన్నప్పుడు, ఒక పక్కకు మొగ్గని పద్ధతి ఎంత తెలివైనదైనా దాని పొరపాటు ఒక హద్దుకంటే దిగువకు పోలేదని ఆ పత్రం నిరూపించింది. క్రామర్-రావు హద్దుగా అది ప్రపంచమంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఐదు ఇన్నింగ్స్ నుంచి పిండగలిగే సమాచారానికి ఒక మితి ఉంది. విశ్లేషకుడు ఎంత గొప్పవాడైనా దాన్ని దాటలేడు.

తొలి అంకెను సగటు వైపు జరిపే ఈ లెక్కను కాగితం మీద చేసుకోవడం తేలికే. సగటున ఇన్నింగ్స్‌కు 28 చేసే బ్యాటర్ మొదటి మూడు ఇన్నింగ్స్‌లో 150 చేశాడనుకుందాం. ఈ మూడే చూస్తే 50. అతని పాత ఆటలోంచి పదిహేను ఇన్నింగ్స్, అంటే 420 పరుగులు, దానికి కలపాలి. 18 ఇన్నింగ్స్‌కు 570, ఇన్నింగ్స్‌కు 32కు కాస్త తక్కువ. అతను అదే ఊపులో పది ఇన్నింగ్స్‌కు 500 చేస్తే, 25 ఇన్నింగ్స్‌కు 920 అయి అంచనా 37 దగ్గరకొస్తుంది. కొత్త ఆట పెరిగేకొద్దీ పాతదాని బరువు దానంతటదే తగ్గుతుంది. పదిహేను అన్నది రాసిపెట్టిన అంకె కాదు. పేరున్న ఆటగాడికి ఎక్కువ, కొత్త కుర్రాడికి తక్కువ తీసుకోవచ్చు. పాత రికార్డే లేనివాడికి అతని స్థానంలో ఆడే అందరి సగటునూ వాడుకోవాలి.

స్కోరుకంటే త్వరగా కుదురుకునేది ఒకటుంది. అది జట్టులో అతనికిచ్చిన పని. ఫుట్‌బాల్ విశ్లేషకులు టచ్‌డౌన్లకంటే ముందు, ఆటగాడు ఎంతసేపు మైదానంలో ఉన్నాడు, బంతి అతని వైపు ఎన్నిసార్లు విసిరారు అన్నది చూస్తారు. టచ్‌డౌన్ అదృష్టం మీద ఊగుతుంది. బంతి ఎవరికి ఎక్కువగా విసరాలన్నది మాత్రం జట్టు వ్యూహం, వారం వారం పెద్దగా మారిపోదు. క్రికెట్‌లో దానికి సాటి బ్యాటింగ్ స్థానం, ఆడడానికి దొరికే బంతులు, వేసే ఓవర్లు, ఆ ఓవర్లు ఎప్పుడు వస్తున్నాయన్నది. ఇరవై ఓవర్ల ఆటలో ఓపెనర్‌కు బంతులకు లోటుండదు. ఆరో స్థానంలో వచ్చేవాడు పది బంతులతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. కొత్త బంతితోనూ చివరి ఓవర్లలోనూ వేసే బౌలర్‌కు మధ్య ఓవర్లవాడికంటే వికెట్ల అవకాశం ఎక్కువ. 2023లో ఐపీఎల్‌లో మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాణ్ణి మార్చుకోనిచ్చే ఇంపాక్ట్ ప్లేయర్ నియమం వచ్చాక ఆల్‌రౌండర్‌ను నమ్ముకునేవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. అతను బ్యాటింగ్ చేసి పెవిలియన్‌లో కూర్చుంటే బౌలింగ్ పాయింట్లు రావు.

నితీశ్ కుమార్ రెడ్డి ఆట ఈ విషయాన్ని విప్పి చెబుతుంది. విశాఖ కుర్రాడైనా చిన్నప్పుడు కడపలోని ఆంధ్ర క్రికెట్ సంఘం అకాడమీలో సాన పట్టుకున్నాడు. 2017-18లో పదహారేళ్లలోపు వాళ్ల విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు, అందులో నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441 ఉన్నాయి. అంతటి స్కోరునైనా ఎదుటి జట్టు బలంతో కలిపే చదవాలి. 2024 ఏప్రిల్ 9న పంజాబ్ మీద అతను 37 బంతుల్లో 64 చేసి, బౌలింగ్‌లో ఒక వికెట్ తీశాడు. సన్‌రైజర్స్ గెలిచింది రెండే పరుగులతో. ఆ రోజు 64కంటే విలువైన సమాచారం ఇంకొకటుంది. జట్టు కష్టాల్లో ఉండగా అతన్ని నాలుగో స్థానంలో పంపారు, తర్వాత బంతి కూడా చేతికిచ్చారు. ఆ సీజన్ 303 పరుగులతో వర్ధమాన ఆటగాడి బహుమతి అందుకున్నాడు. 2025 జనవరిలో పక్కటెముకల దగ్గర కండరం గాయమైంది. ఆ ఏడాది ఐపీఎల్‌లో బంతి అతని చేతికి రావడం అరుదైపోయింది. 13 మ్యాచ్‌లలో 182 పరుగులు, 2 వికెట్లు. పరుగుల సంగతి ముందే చెప్పలేకపోయినా, బౌలింగ్ తగ్గిపోయిందన్నది రెండు మూడు మ్యాచ్‌లకే కనిపించే విషయం. అలాంటప్పుడు అతన్ని ఆల్‌రౌండర్ ధరకు కొనడం నష్టమే.

కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం నుంచి వచ్చిన నల్లపురెడ్డి శ్రీచరణి విషయంలో తొలి ఆధారాలు నిజమని తేలాయి. 2025 మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఢిల్లీ తరఫున ఆమె ఆడినవి రెండే మ్యాచ్‌లు. ఆ ఏప్రిల్‌లోనే భారత జట్టులోకి వచ్చింది. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద తొలి టీ20లో 12 పరుగులకు 4 వికెట్లు తీసింది. ఐదు మ్యాచ్‌ల ఆ సిరీస్‌లో 10 వికెట్లతో ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఒక్క 4 వికెట్ల ప్రదర్శన చూసి ఎవరినీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఆమె విషయంలో నమ్మదగ్గ గుర్తు, కెప్టెన్ ఆమెకు ఓవర్లు ఇస్తూనే ఉండడం. ఆ ఏడాది వన్డే ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 338 పరుగులు దంచిన రోజున కూడా శ్రీచరణి పది ఓవర్ల కోటా పూర్తిచేసి 49 పరుగులే ఇచ్చి 2 వికెట్లు తీసింది. టోర్నీ ముగిసేసరికి 9 మ్యాచ్‌లలో 14 వికెట్లు, భారత బౌలర్లలో దీప్తి శర్మ తర్వాత ఆమే.

మైదానం, ప్రత్యర్థి కూడా తొలి అంకెల్ని వంకర చేస్తాయి. మొదటి మూడు మ్యాచ్‌లూ బ్యాటింగ్ పిచ్‌ల మీద ఆడిన జట్టు బ్యాటర్లందరూ వీరుల్లా కనబడతారు, బౌలర్లందరూ తేలిపోతారు. అందుకే గడిచిన షెడ్యూల్‌తో పాటు రాబోయేదీ చూసుకోవాలి. ధర కూడా కాలం గడిచేకొద్దీ మారే పోటీల్లో, ఒక్క పెద్ద స్కోరుతో ధర పెరిగినవాణ్ణి కొనడంకంటే, స్థానం చెక్కుచెదరకుండా నాలుగు చిన్న స్కోర్లతో ధర పడిపోయినవాణ్ణి పట్టుకోవడం ఎక్కువసార్లు లాభిస్తుంది.

తొందరగా మనసు మార్చుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. గాయం, బ్యాటింగ్ స్థానం దిగజారడం, తుది పదకొండులో చోటు పోవడం, బౌలర్ వేగం తగ్గడం, ఓవర్ల కోటా పూర్తికాకపోవడం. ఇవి ఒక్క మ్యాచ్‌లో కనిపించినా పట్టించుకోవాలి. ఇలాంటివేవీ లేకుండా పరుగులు మాత్రమే తగ్గితే, 14 లీగ్ మ్యాచ్‌ల ఐపీఎల్‌లో కనీసం ఆరేడు మ్యాచ్‌లు గడిచేదాకా పాత రికార్డుకే ఎక్కువ బరువివ్వడం మంచిది.