పీచు పదార్థాలు, పేగు బాక్టీరియా - మూలికల శోషణ

మూలికలలోని ఔషధ రసాయనాలు పేగు గోడను దాటి రక్తంలో చేరడాన్ని శోషణ అంటారు. ఎంత చేరుతుందనేది ఆహారంలోని పీచుపైనా, పెద్దపేగులోని బాక్టీరియాపైనా కూడా ఆధారపడి ఉంటుంది.

నేల తంగేడు (సునాముఖి) ఇందుకు మంచి ఉదాహరణ. మెట్ట భూములలో పసుపు పచ్చగా పూసే తంగేడు వేరు. రెంటినీ ఒకటిగా పొరబడేవారు లేకపోలేదు. నేల తంగేడు ఆకులోని సెన్నోసైడ్లు చిన్నపేగులో దాదాపుగా శోషణ చెందవు. పెద్దపేగులోని బాక్టీరియా వాటినుండి చక్కెర భాగాన్ని తెంచి, రీన్ ఆంత్రోన్‌గా మార్చిన తరువాతనే విరేచనమవుతుంది. రాత్రి సేవించిన మందు ఉదయానికి, అనగా 6 నుండి 12 గంటలకు, పనిచేయడం ఇందువల్లనే.

డిజిటాలిస్ మొక్కనుండి తీసే గుండె మందు డిజాక్సిన్ విషయం దీనికి విరుద్ధం. కొందరి పేగులలోని బాక్టీరియా దానిని నిర్వీర్యం చేస్తుంది. 1989లో వెలువడిన పరిశోధనలో ఈ మార్పు న్యూయార్క్ వాసులలో 36 శాతం మందిలో కనిపించగా, దక్షిణ భారతీయులలో సుమారు 14 శాతం మందిలోనే కనిపించింది. అటువంటివారు ఆంటీబయాటిక్ వాడితే ఆ బాక్టీరియా అణగి, రక్తంలో మందు ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు (పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లా) నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు రాకముందు జొన్న తిన్న నేల. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల పీచు ఉండగా, మిల్లు బియ్యంలో 3 గ్రాములైనా ఉండదు. పీచు తగ్గితే దానిపై బ్రతికే బాక్టీరియా కూడా మారుతుంది. లోటు తీర్చడానికి వాడే ఇసబ్‌గోల్ పొట్టు నీటిని పీల్చి జిగురుగా మారి, వెంట మింగిన మందును చిక్కించుకోగలదు. అందుచేత రెంటి నడుమ 2 గంటల ఎడం ఉంచమని వైద్యులు చెబుతారు.