నల్లకొండలలో ఇంటిబండి ప్రయాణము



ఇంటిని వీపున మోసికొని తిరుగుట నత్తకే చెల్లునని చిన్ననాట అనుకొనుచుంటిని. అరువదియేడవ యేట నా భార్యతో కూడ నేనును అట్లే తిరిగితిని. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా కుమారుడు ఒక వేసవిలో మమ్ము ఇంటిబండి నెక్కించి, దక్షిణ డకోటా రాష్ట్రమందలి నల్లకొండలకు తీసికొనిపోయెను. బండి నడపుట వాని వంతు, చూచుట మా వంతు.

ముందుగా బండి మాట. ఆర్.వి. యని వారు పిలుచు ఈ బండి మన చిన్న బస్సంత యుండును. లోపల మంచము, పొయ్యి, నీళ్లతొట్టి, మరుగుదొడ్డి అన్నియు కలవు. ప్రొద్దుక్రుంకువేళకు విడిదికి చేరవలెను. అచ్చట అద్దె చెల్లించినవారికి విద్యుత్తు తీగయు, నీటి కొళాయియు దొరకును. వాడిన నీరు బండి అడుగున తొట్లలో నిలుచును. దానిని ఏర్పరచిన గుంటలోనే వదలవలెను గాని దారిలో వదలరాదు. మా యింటిది ఆ పొయ్యిమీదనే చారు కాచి, ఊరు విడిచినను వంటిల్లు విడువలేదని నవ్వెను.

నల్లకొండలు నిజముగా నల్లనివి కావు. పైన్ చెట్లు దట్టముగా కప్పియుండుటచే దూరమునకు నల్లగా కనబడును. అందు ఒక బాటలో కొండను తొలిచిన సొరంగము 8 అడుగుల వెడల్పే యుండును. మా బండి అందు పట్టదు. కావున దానిని విడిదిలో నుంచి, చిన్న కారు కుదుర్చుకొని కొండలెక్కితిమి.

మొదట రష్‌మోర్ కొండను చూచితిమి. అచ్చట నలుగురు అమెరికా అధ్యక్షుల మొగములు కొండకొమ్మున చెక్కబడినవి. వారు వాషింగ్టన్, జెఫర్సన్, థియోడర్ రూజ్‌వెల్టు, లింకన్. ఒక్కొక్క మొగము 60 అడుగులు, అనగా ఎత్తయిన తాటిచెట్టంత. గట్జన్ బోర్గ్లమ్ అను శిల్పి 1927లో పని నారంభించెను. ముందు చిన్న నమూనా చేసి, అందలి ప్రతి అంగుళమునకు కొండమీద ఒక అడుగు చొప్పున కొలతలు గుర్తించిరి. పనివారు ఉక్కుతాళ్లకు కట్టిన పీటలమీద కూర్చుండి కొండమొగమున వ్రేలాడుచు పనిచేసిరి. పదింట తొమ్మిదివంతుల రాయిని డైనమైటుతోనే పగులగొట్టిరి. మిగిలిన దానిలో దగ్గర దగ్గరగా రంధ్రములు తొలిచి పెచ్చులూడ్చి నునుపుచేసిరి. జెఫర్సన్ మొగమును మొదట చెక్కిన చోట రాయి మంచిది కాకపోగా, దానిని పేల్చివేసి రెండవ ప్రక్కన మరల మొదలిడిరి. 1941లో శిల్పి మరణించెను. అతని కుమారుడు లింకన్ బోర్గ్లమ్ ఆ యేడే పని ముగించెను. రమారమి 400 మంది పదునాలుగేండ్లు పనిచేసినను, పనిలో నొక్కరును ప్రాణము కోల్పోలేదు.

నేను ఆశ్చర్యముతో చూచుచుండగా నా భార్య, "ఏమండీ, ఈ కొండ ఎవరిది?" అని యడిగెను. నాకు తోచిన జవాబు, "ప్రభుత్వముది" అని. కాని చరిత్ర అంత సులువుగా లేదు.

అది లకోటా జాతివారికి పవిత్రమైన కొండ. దానిని వారు 'ఆరుగురు తాతలు' అని పిలుచుచుండిరి. 1868లో ఫోర్టు లారమీ ఒడంబడికచే అమెరికా ప్రభుత్వము నల్లకొండలను వారికే విడిచిపెట్టెను. 1874లో అచ్చట బంగారము కనబడెను. 1877లో ప్రభుత్వము ఆ భూమిని లాగుకొనెను. నూరేండ్లు దాటిన పిదప, 1980లో అత్యున్నత న్యాయస్థానము నష్టపరిహార మీయవలసినదేయని తీర్పుచెప్పెను. వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్లకు పైబడిన ఆ సొమ్మును వారు ముట్టలేదు. అది నేటికి పెరిగి నూరు కోట్ల డాలర్లను మించినది.

వారిలో బీదరికము మెండని వినియున్నందున, ఎందుకు పుచ్చుకొనరాదని నేననుకొంటిని. నా భార్య రైతుబిడ్డ. "అమ్మని పొలమునకు సొమ్ము పుచ్చుకొన్నచో అమ్మినట్లే గదా!" అనెను. ధర్మశాస్త్రములు చదివిన నాకు తట్టని సంగతి ఆమెకు తట్టినది.

అచ్చటికి కొంత దూరమున మరియొక కొండను చెక్కుచున్నారు. లకోటా వీరుడైన క్రేజీ హార్సు గుఱ్ఱమెక్కిన రూపమది. హెన్రీ స్టాండింగ్ బేర్ అను లకోటా పెద్ద కోరగా, కోర్చాక్ జియోల్కోవ్‌స్కీ 1948లో పని మొదలిడెను. ప్రభుత్వపు సొమ్ము వలదనెను. 1982లో అతడు మరణింపగా భార్య రూత్ ఆ పని నడపెను. 1998లో మొగము పూర్తియైనది. తక్కినది ఇంకను కొనసాగుచున్నది. కొండను చెక్కుటయే తగదని యనువారు లకోటాలలోనే కలరు.

మరునాడు కస్టర్ రాష్ట్రవనమున అడవిదున్నలను చూచితిమి. బైసన్ అనబడు ఈ మృగము మూపున గూనుతో, మెడనిండ బొచ్చుతో నుండును. మగది 2000 పౌన్లవరకు తూగును. అయినను గుఱ్ఱమువలె పరుగెత్తును. ఫొటో తీయవలెనను ఆశతో నేను కారు దిగి కొంత ముందునకు నడచితిని. ఒకటి తోక నిక్కించెను. నా భార్య కేకవేసి చొక్కా పట్టి వెనుకకు లాగెను. తోక నిక్కుట కోపమునకు గుర్తనియు, నూరు గజముల దూరమున నుండవలెననియు వనపాలకుడు పిదప మందలించెను. తప్పు నాదే.

ఒకప్పుడు ఆ దేశమున ఈ దున్నలు కోట్ల సంఖ్యలో నుండెను. మాంసము, గుడారములకు తోలు, పనిముట్లకు ఎముక, అన్నియు లకోటాలకు వీనివలననే లభించెడివి. తోళ్ల వర్తకులు, వేటగాండ్రు చంపిచంపి 1889 నాటికి ఖండమంతటను రమారమి వేయి మిగిల్చిరి. దున్న పోగా దానిపై బ్రదికినవారి బలమును పోయినది. 1914లో ఈ వనమునకు 36 దున్నలను కొనితెచ్చిరి. నేడు అచ్చట వేయికి పైబడి యున్నవి. ప్రతి సెప్టెంబరులో రౌతులు మందను దొడ్లకు తోలి, దూడలకు టీకాలు వేయించి, గడ్డికి మించిన వానిని అమ్మివేయుదురు. మేతను బట్టియే మందయను మన కాపరి నీతియే అదియు.

పోయిన మంద మరల పెరిగినది. తప్పిన మాట మాత్రము ఇంకను నిలుపబడలేదు. మరలివచ్చుచు నేను కొండమీది మొగములను తలచుకొనుచుంటిని. నా భార్య ముట్టని ఆ సొమ్మును తలచుకొనుచుండెను. ఆమె చూచినదే పెద్దదని నాకిప్పుడు తోచుచున్నది.