కొత్త కెమెరాకు పాత కళ్లు

మిర్రర్‌లెస్‌కు మారే ఫోటోగ్రాఫర్లకు ఇంట్లో ఉన్న లెన్సులు అక్కరకొస్తాయా? జవాబు కొన్ని మిల్లీమీటర్లలోను, ఒక చిన్న మోటారులోను ఉంది

పెళ్లిళ్లు తీసే ఫోటోగ్రాఫర్‌కు కెమెరా బాడీ మార్చడం పెద్ద బెంగ కాదు. నాలుగైదేళ్లకు అది ఎటూ పాతబడుతుంది. అసలు పెట్టుబడి లెన్సుల్లో ఉంటుంది. వాయిదాల మీద ఒక్కొక్కటే కొని నింపుకున్న ఆ సంచి కొత్త బాడీకి పనికిరాకపోతే? 2018లో నికాన్, కానన్ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలతోపాటు కొత్త మౌంట్లనూ తెచ్చాక ఈ భయం మరీ పెరిగింది.

భయంలో సగం అనవసరం. లెన్సు బిగించే లోహపు వలయం నుంచి సెన్సర్ దాకా ఉండే దూరం ఒక్కో మౌంట్‌కు ఒక్కోలా ఉంటుంది. నికాన్ ఎఫ్ మౌంట్‌లో అది 46.5 మిల్లీమీటర్లు, కానన్ ఈఎఫ్‌లో 44. లోపల అద్దం లేచి పడేందుకు అంత చోటు కావాలి మరి. అద్దం పోయాక ఆ దూరం నికాన్ జడ్‌లో 16కు, కానన్ ఆర్‌ఎఫ్‌లో 20కి తగ్గింది. మిగిలిన ఖాళీని అడాప్టర్ అనే బోలు గొట్టం నింపుతుంది. పాత లెన్సు తనకు అలవాటైన దూరంలోనే కూర్చుంటుంది. కొత్త లెన్సును పాత ఎస్‌ఎల్‌ఆర్‌కు పెట్టడం మాత్రం కుదరదు. దాన్ని కెమెరా లోపలికి జరపాలి, అక్కడ అద్దం అడ్డం.

బిగిసినంత మాత్రాన ఫోకస్ అవుతుందని కాదు. చిక్కంతా ఇక్కడే. 1987లో కానన్ తన ఎఫ్‌డీ మౌంట్‌ను వదిలేసి ఈఎఫ్‌ను తెచ్చింది. 42 మిల్లీమీటర్లకు తయారైన ఎఫ్‌డీ లెన్సులు 44 మిల్లీమీటర్ల బాడీ మీద దూరపు వస్తువులను స్పష్టంగా పట్టలేవు. అప్పటి వాడకందారులకు అది నమ్మకద్రోహంలాగే తోచింది. కానీ ఈఎఫ్‌లో ఫోకస్ మోటారును లెన్సులోనే పెట్టి, బాడీతో సంబంధాన్ని విద్యుత్ తీగలకే పరిమితం చేశారు. అందుకే నాటి ఈఎఫ్ లెన్సులు కూడా ఇవాళ్టి ఆర్‌ఎఫ్ బాడీ మీద అడాప్టర్‌తో ఆటోఫోకస్ అవుతాయి. వెలివేసిన ఎఫ్‌డీ లెన్సులకూ, చేత్తో ఫోకస్ చేసుకునే ఓపికుంటే, మిర్రర్‌లెస్ మీద మళ్లీ ప్రాణం వచ్చింది.

నికాన్ కథ దీనికి తలకిందులు. 1959 నాటి ఎఫ్ మౌంట్‌ను వదలకుండా దశాబ్దాలపాటు మాట నిలబెట్టుకుంది. ఆ విధేయతకు మూల్యం ఉంది. ఏఎఫ్-డి రకం లెన్సుల్లో మోటారు లేదు. బాడీలోని మోటారు ఒక ఇరుసుతో వాటిని తిప్పేది. 2006లో వచ్చిన డి40లో ఆ మోటారును తీసేశారు. చవగ్గా దొరికే 50 ఎంఎం ఎఫ్1.8డి కొన్నవారికి దెబ్బ అప్పుడే తెలిసింది. మిర్రర్‌లెస్ కోసం నికాన్ తెచ్చిన ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లోనూ మోటారు లేదు. ఎక్స్‌పోజర్ కుదురుతుంది, ఫోకస్ మాత్రం వేళ్ల పని. మండపంలో తాళి కట్టే క్షణాన ఆ తీరిక ఎవరికుంటుంది?

చిన్న సెన్సర్ కోసం చేసిన లెన్సులది మరో తంటా. ఫుల్‌ఫ్రేమ్ బాడీ మీద వాటి బొమ్మ మధ్య భాగమే మిగులుతుంది. 24 మెగాపిక్సెళ్లు దాదాపు పదికి పడిపోతాయి.

పాత నికాన్ లెన్సును మార్చాలా, ఉంచుకోవాలా అన్నది దాని మీది అక్షరాలే చెబుతాయి. ఏఎఫ్ పక్కన ఎస్ గానీ పి గానీ ఉంటే మోటారు లోపలే ఉన్నట్టు. సెకండ్‌హ్యాండ్ కొనేవారైతే సొంత బాడీని, అడాప్టర్‌ను వెంట తీసుకెళ్లి, దుకాణంలోనే బిగించి, వీధి చివరి బోర్డు మీద ఫోకస్ చేయించి చూశాకే డబ్బు లెక్కపెట్టాలి.