నలభై క్యాండీలు.. నాలుగు పాఠాలు!

డిగ్రీ పరీక్షలు అయిపోయాయి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు. పెట్టిన అప్లికేషన్లకు జవాబు లేదు. ఇంట్లో మాత్రం ‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ అన్న ప్రశ్న రోజూ వినిపిస్తుంది. సరిగ్గా ఇలాంటప్పుడే ఫోన్‌లో హోమ్‌మేడ్ చాక్లెట్ల వీడియో ఒకటి కనిపిస్తుంది. చాక్లెట్ కరిగించాలి, అచ్చులో పోయాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంట్లో కూర్చునే నెలకు వేలు!

నిజంగా అంత సులువా? తేల్చుకోవడానికి పావు కిలో పల్లీలు తెచ్చి, చాక్లెట్ పీనట్ బటర్ క్యాండీలు మేమే చేసి చూశాం. నలభై క్యాండీలు వచ్చాయి. వాటితో పాటు ఉద్యోగం వెతుక్కునేవారికి పనికొచ్చే నాలుగు పాఠాలూ దొరికాయి. అవేంటో చూద్దాం.

నేలమాళిగలో మొదలైంది

పీనట్ బటర్‌ను చాక్లెట్‌లో పెట్టి ప్రపంచానికి అలవాటు చేసినవారిలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికాకు చెందిన హ్యారీ బర్నెట్ రీస్ గురించి. పెన్సిల్వేనియాలో హెర్షీ చాక్లెట్ కంపెనీకి చెందిన పాడి క్షేత్రంలో పనిచేసిన వ్యక్తి. పదహారుమంది పిల్లల తండ్రి. ఇంటి నేలమాళిగలో రకరకాల మిఠాయిలు చేసి అమ్మేవాడు. 1928లో పీనట్ బటర్ కప్‌లు మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పంచదారకు, ఇతర సరుకులకు కరవొచ్చింది. అప్పుడాయన మిగతా రకాలన్నీ పక్కనపెట్టి ఈ ఒక్క కప్ మీదే దృష్టి పెట్టాడు. ఆయన మరణించిన కొన్నేళ్లకు, 1963లో ఆ కంపెనీ హెర్షీలో కలిసిపోయింది. ‘రీసెస్’ పేరు మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఆయనను నిలబెట్టింది పది రకాలు కాదు, బాగా కుదిరిన ఒక్క రకం. అందుకే మనమూ ఒక్కదానితోనే మొదలుపెడదాం.

పాఠం 1: కొలత తప్పితే పని చెడుతుంది

కావాల్సినవి: పల్లీలు 250 గ్రా., పంచదార పొడి 120 గ్రా., పాలపొడి 50 గ్రా., వెన్న 20 గ్రా., చిటికెడు ఉప్పు, డార్క్ లేదా మిల్క్ కాంపౌండ్ 400 గ్రా. (ఇందులో 320 గ్రా. దాకా ఖర్చవుతుంది. ముంచడానికి గిన్నెలో లోతు ఉండాలి కాబట్టి కొంచెం ఎక్కువ కరిగించాలి. మిగిలింది మళ్లీ వాడుకోవచ్చు.)

పల్లీలను సన్నని సెగ మీద దోరగా వేయించి, చల్లారాక పొట్టు తీసేయండి. మిక్సీ జార్‌లో నీటి తడి అస్సలు ఉండకూడదు. తిప్పుతూ ఆపుతూ, అంచులకు అంటుకున్నదాన్ని గరిటెతో కిందికి తోస్తూ ఉండాలి. ముందు పొడి అవుతుంది, తర్వాత ముద్ద కడుతుంది. ‘ఇది కుదరలేదు’ అనిపించేది ఈ దశలోనే. ఇక్కడ నీళ్లు పోశారా, పని అయిపోయినట్టే. ఆపి ఆపి తిప్పితే పల్లీలో ఉన్న నూనె తానే బయటికొచ్చి మెత్తటి పేస్టుగా మారుతుంది. ఆపకుండా తిప్పితే మాత్రం మిక్సీ వేడెక్కి ఆగిపోతుంది. మాకు ఒకసారి ఆగింది కూడా!

పేస్టులో పంచదార పొడి, పాలపొడి, కరిగించిన వెన్న, ఉప్పు కలపండి. జారుగా ఉంటే మరో చెంచా పాలపొడి వేయండి. పది గ్రాముల చొప్పున తూచి ఉండలు చేసి, ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి. సున్నుండలు చుట్టడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కాకపోతే అమ్మ చేతికి కొలత తెలుసు, మనకింకా తెలియదు. అందుకే కాటా తప్పనిసరి.

ఇక పైపూత. ఒక గిన్నెలో నీళ్లు మరిగించి స్టవ్ ఆపేయండి. నీళ్లు తగలకుండా దానిపై మరో గిన్నె పెట్టి, అందులో కాంపౌండ్ ముక్కలు వేసి ఆవిరి వేడికే కరిగించండి. ఫోర్కు మీద ఉండను ఉంచి ముంచి తీసి, బటర్ పేపర్ మీద పెట్టండి. మొదటిసారి మా గిన్నెలో గరిటెకున్న కొంచెం తడి పడింది. అంతే, నున్నగా మెరుస్తున్న చాక్లెట్ క్షణాల్లో గరుకుగా ముద్దకట్టింది. పంచదార, కోకో పొడి ఆ తడిని పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కోవడమే దీనికి కారణం. దాన్ని పక్కనపెట్టి, అన్నీ పొడిగా తుడిచి మళ్లీ మొదలుపెట్టాం. ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండలకు చెమ్మ పట్టినా ఇదే ఇబ్బంది. చెమ్మ ఆరాకే ముంచాలి.

కాంపౌండా, అసలు చాక్లెటా?

బజార్లో ఇటుకల్లా దొరికే కాంపౌండ్‌లో కోకో బటర్‌కు బదులు వేరే వృక్ష సంబంధ కొవ్వు ఉంటుంది. కరిగించి వాడితే చాలు, తానే గట్టిపడుతుంది. కొత్తవారికి ఇదే సులువు.

కోకో బటర్ ఉన్న అసలు చాక్లెట్‌కు ‘టెంపరింగ్’ చేయాలి. డార్క్ చాక్లెట్ అయితే 45-50 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, 27-28 డిగ్రీలకు చల్లార్చి, మళ్లీ 31-32 డిగ్రీలకు తేవాలి. అప్పుడే కొవ్వు స్ఫటికాలు సరైన రూపంలో కుదురుకుని మెరుపు వస్తుంది, విరిచినప్పుడు టక్కున చప్పుడొస్తుంది. లేదంటే పైన తెల్లటి చారలు వస్తాయి. థర్మామీటర్ లేకుండా ఈ పని నేర్చుకోవడం కష్టం.

కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా కోకో వేసే గోదావరి జిల్లాలు మనవే. వేరుశెనగకు పేరుపడ్డ అనంతపురమూ మనదే. ఈ క్యాండీకి కావాల్సిన రెండు ముఖ్యమైన పంటలూ మన నేలలోనే పండుతున్నాయన్నమాట!

పాఠం 2: ఏది పారేయాలో తెలియాలి

తయారీ కంటే కష్టమైంది ఏరివేత. బూజు పట్టిన, రంగు మారిన, ముడుచుకుపోయిన, చేదెక్కిన పల్లీలు ఒక్కటి కూడా జార్‌లో పడకూడదు. వేరుశెనగకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయానికి హాని చేస్తుంది. వేయిస్తే పోతుందిలే అనుకోవద్దు, వేయించినా పూర్తిగా పోదు. బూజు వాసన వస్తే ఆ గింజలన్నీ పారేయడమే మార్గం.

రెండోది అలర్జీ. వేరుశెనగ పడనివారికి కొద్ది పరిమాణమైనా ప్రాణాల మీదికి రావచ్చు. ఫ్రెండ్‌కు రుచి చూడమని ఇచ్చేటప్పుడైనా సరే, ‘ఇందులో పల్లీ ఉంది’ అని ముందు చెప్పి, ఆ తర్వాతే చేతిలో పెట్టండి.

నిల్వ మాటేమిటి? పల్లీలోని నూనె నెమ్మదిగా పైపూతలోకి చేరి దాన్ని మెత్తబరుస్తుంది. గాలి తగిలితే సిక్కువాసన వస్తుంది. ఒక బ్యాచ్‌లో కొన్నిటిని దాచి, రెండు మూడు రోజులకోసారి ఒకటి విరిచి చూడండి. రుచి, వాసన, మెరుపు ఎలా మారుతున్నాయో తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయండి. ‘గిర్నార్ 4’, ‘గిర్నార్ 5’ లాంటి వేరుశెనగ రకాల్లో ఓలిక్ ఆమ్లం ఎక్కువ. వాటి నూనె త్వరగా పాడవదు. వీటి రూపకల్పనలో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ పాత్ర ఉంది. ఒక్క క్యాండీ వెనక ఎంత సైన్స్ ఉందో చూశారా!

పాఠం 3: మీ గంటలకూ విలువ కట్టండి

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. కింది ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ ఊళ్లో ఉన్న ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

* పల్లీలు 250 గ్రా. (కిలో రూ.160): రూ.40
* కాంపౌండ్ 320 గ్రా. (కిలో రూ.300): రూ.96
* పంచదార పొడి 120 గ్రా. (కిలో రూ.50): రూ.6
* పాలపొడి 50 గ్రా. (కిలో రూ.400): రూ.20
* వెన్న 20 గ్రా. (కిలో రూ.600): రూ.12
* చుట్టే రేకు కాగితాలు 36: రూ.36
* డబ్బాలు 4: రూ.40
* గ్యాస్, కరెంటు: రూ.20

మొత్తం రూ.270. కాగితాలు 36 మాత్రమే ఎందుకంటారా? నలభైలో నాలుగు పగిలాయి, లేదా వంకర పోయాయి. అవి ఇంట్లోవాళ్లకే. అమ్మదగ్గవి 36. అంటే ఒక్కోదానికి ఏడున్నర రూపాయలు.

‘పది రూపాయలకు అమ్మితే రెండున్నర లాభం కదా’ అనిపిస్తుంది. కానీ వేయించడం నుంచి గిన్నెలు తోమడం దాకా మూడు గంటలు పట్టింది. 36 క్యాండీలపై వచ్చే రూ.90ని మూడు గంటలకు పంచితే గంటకు రూ.30. అందులోంచే డెలివరీకి పెట్రోలు కూడా పోవాలి. అదే రూ.15కు అమ్మగలిగితే గంటకు రూ.90 వస్తుంది. ఆ ధర పెట్టి కొనేవారున్నారా? అసలు ప్రశ్న ఇదే.

ఇంకో దారీ ఉంది. మూడు రెట్లు సరుకు చేస్తే సమయం మూడు రెట్లు పట్టదు. వేయించడం, కరిగించడం, తోమడం లాంటివి కలిసొస్తాయి. అయితే అన్ని క్యాండీలూ అమ్ముడుపోతాయని తేలాకే ఆ సాహసం చేయాలి. మొదటి వంద క్యాండీలు అమ్ముడుపోక ముందే కొత్త ఫ్రిజ్, మెషీన్ కొనిపెట్టమని ఇంట్లో అడగొద్దు. అప్పు అసలే వద్దు. ఉద్యోగం లేని నెలల్లో ఇంటి డబ్బు పోగొట్టుకోవడం కంటే పావు కిలో పల్లీలతో తప్పులు చేసి నేర్చుకోవడం ఎంతో నయం.

పాఠం 4: అమ్మాలంటే అనుమతి, నమ్మకం రెండూ ఉండాలి

ఇంట్లో చేసి ఇంట్లోవాళ్లు తింటే ఎవరినీ అడగక్కర్లేదు. ఒక్క డబ్బా అమ్మాలన్నా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న వ్యాపారాలకు ‘ఫాస్కాస్’ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రస్తుత ఫీజు, టర్నోవర్ పరిమితి అక్కడే చూసుకోండి. మధ్యవర్తులకు వేలకు వేలు ఇవ్వాల్సిన పని లేదు.

లేబుల్‌పై ఇవి తప్పనిసరి:

* ఉత్పత్తి పేరు, నికర బరువు, ధర
* బరువు ఎక్కువ నుంచి తక్కువ క్రమంలో పదార్థాల పేర్లు
* తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి
* తయారుచేసినవారి పేరు, చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు
* శాకాహార గుర్తు
* అలర్జీ హెచ్చరిక: వేరుశెనగ, పాలు, కాంపౌండ్‌లో ఉంటే సోయా

కాంపౌండ్‌తో చేసి ‘ప్యూర్ చాక్లెట్’ అని రాయడం తప్పు. ‘ఇంట్లో చేసింది కాబట్టి ఆరోగ్యానికి మంచిది’ అన్న ప్రచారమూ వద్దు. ఇది మిఠాయి, మిఠాయిగానే అమ్మండి. కొన్నవాళ్లు రెండోసారి కొనేది నమ్మకం ఉంటేనే.

సీజన్ కూడా చూసుకోవాలి. కోకో బటర్ కరిగేది దాదాపు 34 డిగ్రీల దగ్గర. మన వేసవిలో ఎండ 40 దాటుతుంది. మే నెలలో బైక్ మీద డెలివరీ అంటే డబ్బాలో పాయసమే! దసరా నుంచి సంక్రాంతి దాకా మొదలుపెట్టడానికి అనువైన కాలం.

ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చు

వ్యాపారం సాగినా సాగకపోయినా ఆ నోట్‌బుక్ వృథా కాదు. ‘ఈ ఆరు నెలలు ఏం చేశారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది తడబడతారు. మీరు ఇలా చెప్పొచ్చు: ‘ఒక ఉత్పత్తి తయారుచేశాను. మొదట నలభైకి నాలుగు పాడయ్యాయి. కారణం కనుక్కుని దాన్ని ఒకటికి తగ్గించాను. నా పనిగంటలు కలిపితే ఒక్కోదానికి పన్నెండున్నర పడుతోంది. పది రూపాయలకు అమ్మితే నష్టమని తెలిసి ధర మార్చాను.’ బీకామ్ వాళ్లకు ఇది కాస్టింగ్. బీఎస్సీ వాళ్లకు క్వాలిటీ కంట్రోల్. బీబీఏ వాళ్లకు మార్కెటింగ్. అయితే అంకెలు మీవే అయి ఉండాలి. చేయకుండా చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఈ పని మీద ఇష్టం పెరిగితే చదువులూ ఉన్నాయి. బాపట్ల, రుద్రూరుల్లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ కళాశాలల్లో బీటెక్ ఫుడ్ టెక్నాలజీ చదవొచ్చు. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీతో పాటు స్వల్పకాలిక శిక్షణలూ ఇస్తుంది. బేకరీలు, ఫుడ్ కంపెనీలు, నాణ్యతా పరీక్షల ల్యాబ్‌లలో ఈ నైపుణ్యాలకు చోటుంది.

ఈ ఆదివారం ప్రయత్నించండి. పావు కిలో పల్లీలు, ఒక కాటా, ఒక నోట్‌బుక్ చాలు. క్యాండీలు కుదిరితే ఇంట్లోవాళ్లకు పెట్టండి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో రాసి పెట్టుకోండి. ‘ఇప్పుడేం చేస్తున్నావ్?’ అని మళ్లీ ఎవరైనా అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఒక జవాబు ఉంటుంది.