బంగారు శిరస్సు, మంటి పాదములు

కోలారు బంగారు గనుల ప్రాంతమున పుట్టి పెరిగినవారికి బంగారము విలువను వేరుగా చెప్పనక్కరలేదు. మన పెద్దలు చాంపియన్ రీఫ్ గనిలో మూడు వేల మీటర్లకు మించిన లోతునకు దిగి ఆ లోహమును వెలికితీసిరి. 1880 ప్రాంతమున జాన్ టేలర్ కంపెనీవారు చేపట్టిన ఆ పని ప్రభుత్వము చేతికి వచ్చి, తుదకు 2001 ఫిబ్రవరి 28న నిలిచిపోయినది. బంగారము నిలుచును గాని దానిని ఏలినవారు నిలువరని మన ఊరు కన్నులార చూచినది. బైబిలులోని ప్రవక్తలు రాజులను గూర్చి చెప్పినదియు ఇట్టిదే.

బబులోను రాజగు నెబుకద్నెజరు క్రీ.పూ. 605 మొదలు 562 వరకు పాలించెను. అతడు యెరూషలేమును జయించి యూదులను చెరగొనిపోయెను. ఆ చెరలోనివాడగు దానియేలు కథ అతని పేరిటి గ్రంథమున కలదు. రాజు కలలో ఒక మహావిగ్రహము కనబడెను. దాని తల బంగారము, రొమ్ము, చేతులు వెండి, ఉదరము, తొడలు ఇత్తడి, కాళ్లు ఇనుము, పాదములు ఇనుమును మట్టియు కలిసినవి. ఎవరును చెక్కని రాయి యొకటి వచ్చి ఆ పాదములను తాకగా, బంగారు తలతో సహా అంతయు పొడియై పోయెను. “బంగారు తల నీవే; కాని నీ యధికారము దేవుడిచ్చినది; నీ తరువాత వేరు రాజ్యములు వచ్చును” అను భావముతో దానియేలు దానిని వివరించెను.

నాల్గవ రాజ్యము రోము అని ప్రాచీన వ్యాఖ్యాతలలో పెక్కురును, గ్రీకు రాజ్యమని ఆధునికులలో పెక్కురును తలచిరి. ఈ గ్రంథము క్రీ.పూ. 2వ శతాబ్దమున, అంతియొకసు రాజు యూదులను హింసించిన కాలమున, తుదిరూపము దాల్చెనని అనేక పండితుల మతము. అట్లయినచో ఇది బాధితులకు ధైర్యము చెప్పిన గ్రంథము.

రాజు దేవునికి పనిముట్టు మాత్రమే యని ప్రవక్తల భావము. తమ శత్రువైన నెబుకద్నెజరునే యిర్మీయా దేవుని సేవకుడనెను. క్రీ.పూ. 539లో బబులోనును పట్టుకొని యూదులను స్వదేశమునకు పోనిచ్చిన పారసీక రాజు కోరెషును యెషయా గ్రంథము అభిషిక్తుడనినది. విందులో మునిగియున్న బెల్షస్సరు మాత్రము త్రాసులో తూచబడి తక్కువగా తేలెను.

ఆ త్రాసులోని తూనికరాయి ఏది? యిర్మీయా తన సొంత రాజగు యెహోయాకీమునే నిలదీసెను: కూలి ఇయ్యక పనివారిచేత మేడ కట్టించుట రాజధర్మము కాదనెను. దానియేలు నెబుకద్నెజరునకు ఇచ్చిన హితవును బీదలయందు దయ చూపుమనుటయే. కావున “అధికారము దేవుడిచ్చినది” అను మాట ప్రజల నోరు మూయుటకు కాదు. ఏలువాని లెక్క అడుగుటకు. గని కూలివారి సంతతియైన మనకు ఈ త్రాసు పరాయిది కాదు.

గాంగులు, చోళులు, విజయనగర ప్రభువులు, బూదికోటలో పుట్టిన హైదరాలీ, ఆంగ్లేయులు — అందరును ఈ నేలపై ఏలి పోయిరి. కోలారమ్మ గుడి గోడలపై చోళ శాసనములు మాత్రము మిగిలినవి. విద్యార్థులారా, వానిని చూచునపుడు రాజు పేరుతో పాటు, రాయి మోసిన కూలివానిని కూడ తలచుకొనుడు.